మిగిలిన చెప్పులు

పోయిన వారం మీరు నన్ను గుంట అంచున, నోట్లో గాలి గొట్టంతో, కిందికి దిగబోతుండగా వదిలేసి వెళ్లారు. నేనింకా అక్కడే ఉన్నాను. కొత్తగా వచ్చినవాళ్ల కోసం నాలుగు మాటలు చెప్పి దిగుతాను. చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది గానీ, చెప్పకపోతే ఎవరు ఎందుకు ఏడుస్తున్నారో మీకు అర్థం కాదు.

నా పేరు ఎల్విరా, దీవిలో అందరూ విరా అంటారు. బెలీజ్ తీరం దాటి పడవలో చాలాసేపు వెళ్తే సముద్రం మధ్యలో కనిపించే ఆ గుండ్రటి నల్లటి లోతుకి ప్రపంచమంతా పెద్ద పేరు పెట్టుకుంది. మేం ఊరికే గుంట అంటాం. యాత్రికుల్ని అందులోకి దింపి మళ్లీ పైకి తేవడమే మా ఇంటి పని. నాన్న అదే చేశాడు, నేను అదే చేస్తున్నాను, నా తమ్ముడు అన్సెల్మో కూడా అదే చేసేవాడు. ఈస్టర్ పోయాక ఒక మధ్యాహ్నం యాత్రికులందరూ గుంటకి దగ్గర్లోని హాఫ్ మూన్ దీవిలో భోజనానికి కూర్చున్నారు. ఎవరో గుంటలో కెమెరా జారవిడిచారని, అది తెస్తానని అన్సెల్మో, నాన్న పాత స్నేహితుడు తాచో బాబాయ్‌ని మాత్రమే వెంటబెట్టుకుని ఆయన పడవలో వెనక్కి వెళ్లాడు. నీళ్లలోకి దూకాడు. మళ్లీ పైకి రాలేదు. విచారణకి వచ్చిన అధికారుల ముందు తాచో బాబాయ్ ప్రమాణం చేసి మరీ చెప్పాడు. బుడగలు గుంట నడిమధ్యకి వెళ్లాయి, అక్కడే ఆగిపోయాయి, నా కళ్లతో చూశాను అన్నాడు.

ఇక చెప్పుల సంగతి. మా పడవల్లోకి చెప్పులతో ఎక్కకూడదు. రేవు చివర ఒక పాత చెక్కపెట్టె ఉంటుంది, అందరూ అందులో విడిచి ఎక్కాలి. సాయంత్రానికి పెట్టె ఖాళీ అయితే అందరూ తిరిగొచ్చినట్టు. తలలు లెక్కపెట్టే అలవాటు మాకు లేదు, చెప్పులే మా లెక్క. సముద్రంలో పోయినవాణ్ణి మేం చచ్చిపోయాడని అనం, 'చెప్పులు మిగిలాయి' అంటాం. ఆ మిగిలిన జతని ఎవరూ ముట్టుకోరు. శవం దొరికాకో, ఇక దొరకదని మనసు ఒప్పుకున్నాకో, కన్నవాళ్లు గానీ తోబుట్టువు గానీ వచ్చి ఎత్తాలి. ఎత్తిన క్షణం నుంచీ అతను లేనట్టే. ఆ రాత్రే తొమ్మిది రాత్రుల ప్రార్థన మొదలవుతుంది.

అన్సెల్మో చెప్పుల్ని ఎత్తాల్సింది నేనే, వాడికి ఇంకెవరూ లేరు. నేను ఎత్తనన్నాను. శవం తెచ్చాకే ఎత్తుతానన్నాను. వాడి భార్య జెనైదా మాత్రం మొదటి వారం నుంచీ నా వెంటపడింది. ఆయన్ని అక్కడే ఉండనీ వదినా, ఎత్తేయ్, నువ్వు ఆ గుంటలోకి దిగకు అని ఒకటే పోరు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోయేది. మొగుడి ఎముకలు కూడా అక్కర్లేదా నీకు అని నేను రేవు మీద నిలబడి అడిగినప్పుడు దీవి మొత్తం విన్నది. ఆ రోజు నుంచీ మా ఇద్దరికీ మాటల్లేవు.

సరే, దిగుతున్నాను.

యాత్రికుల్ని మేం తీసుకెళ్లేది రాతికొమ్ములు వేలాడే చోటు వరకే. అక్కడ ఫొటోలు దిగి, చుట్టూ తిరిగే సొరచేపల్ని చూసి మురిసిపోయి పైకి వచ్చేస్తారు. నేను ఆ కొమ్ముల్ని దాటి కిందికి పోయాను. అంత లోతులో మామూలు గాలి పీలిస్తే కల్లు తాగినట్టే ఉంటుంది. తెలిసినా ఏం లాభం, ఎక్కేది ఎక్కుతుంది. కింద మబ్బులాంటి మురికి పొర కనిపించింది. దాని కింద వెలుతురు ఉండదు, బతికున్నది ఏదీ ఉండదు. వాడు ఉంటే ఆ పొర కిందే ఉండాలి. దాన్ని చూస్తూ ఉంటే నాకు నవ్వు వచ్చింది. వాణ్ణి పేరు పెట్టి పిలిస్తే సరిపోతుంది కదా, ఇన్నాళ్లు ఈ సంగతి తట్టలేదేమిటి అనిపించింది. పిలవడానికి నోట్లోంచి గొట్టం తీయబోయాను. పళ్లు మాత్రం రబ్బరుని వదల్లేదు. పళ్లకి ఉన్న బుద్ధి నాకు లేకపోయింది.

అప్పుడు భయం వేసింది. వెనక్కి తిరిగాను. దారిలో ఆగాల్సిన చోటల్లా ఆగుతూ, గోడ పట్టుకుని, ఒళ్లంతా సీసం పోసినట్టు బరువెక్కి, ఎలాగో పైకి వచ్చాను. ఎడమ భుజంలో ఏదో పొడుస్తోంది. ఒకప్పుడు అన్సెల్మో దారిలో ఆగకుండా త్వరగా పైకి వచ్చేస్తే, ఇలాంటి నొప్పే మొదలై ఎడమ కాలు పాడైంది. ఆసుపత్రి ఒత్తిడి గదిలో పడుకోబెట్టి ప్రాణం నిలబెట్టారు గానీ పాదం పక్కకి వాలిపోయింది.

నేను తేలింది పడవకి పడమటి వైపు. దూరం ఎక్కువేమీ కాదు. చెయ్యి ఎత్తి ఊపాను. తాచో బాబాయ్ పడవ అంచు పట్టుకుని నా వైపే చూస్తున్నాడు. మళ్లీ ఊపాను. ఆయన చూస్తూనే ఉన్నాడు, ముఖంలో ఏ మార్పూ లేదు. కాసేపటికి మెల్లగా అటు తిరిగి, ఎవరూ లేని తూర్పు నీళ్ల వైపు నోటికి చేతులు అడ్డం పెట్టుకుని నా పేరు పిలిచాడు.

నేను అరిచాక గానీ ఆయన ఇటు తిరగలేదు.

పడవలోకి ఎక్కి పలక మీద పడుకుండిపోయాను. ఏమీ దొరకలేదని నా ఊపిరి వింటేనే బాబాయ్‌కి తెలుస్తుంది. ఫ్లాస్కు తీసి కాఫీ పోస్తున్నాడు. చూపుడు వేలు గ్లాసు అంచు లోపల పెట్టి పోస్తాడు. కాఫీ వేలికి తగలగానే ఆపేస్తాడు. ఈ అలవాటు నాకు చాన్నాళ్లుగా తెలుసు. ముసలాడికి శుభ్రం తక్కువ అని అన్సెల్మో, నేను నవ్వుకునేవాళ్లం. ఇప్పుడు ఆ వేలి వంక చూస్తూ ఉండిపోయాను.

గ్లాసు అందుకుని రేపటి సంగతి చెప్పాను. పెద్దూరు నుంచి వేరే రకం గాలి సిలిండర్లు తెప్పించానని, అది పీలిస్తే మత్తు ఎక్కదని, రేపు ఆ పొర కిందికి వెళ్తానని అన్నాను. బాబాయ్ జానీ కేకు రొట్టె విరిచి అందులో చిక్కుడు ముద్ద పెడుతున్నవాడల్లా ఆగిపోయాడు. వద్దన్నాడు. ఆ లోతుకి పోయిన మనిషి తిరిగి రావడం తను చూడలేదన్నాడు. నాన్న కూడా ఎప్పుడూ పోలేదన్నాడు. నేను వింటూనే కుడి అరచేతిని చాచి అటూ ఇటూ ఊపాను. నీళ్ల కింద అది అందరికీ తెలిసిన సైగ, ఏదో తేడాగా ఉంది అని అర్థం. ఆ సైగ నాకు నేర్పింది ఆయనే. ఆయన మాట ఆగలేదు.

"బాబాయ్, నేనిప్పుడు ఏం సైగ చేస్తున్నాను?"

ఆయన తల పైకెత్తాడు. నా ముఖానికి కాస్త పక్కగా, నా చెవి దగ్గర ఎక్కడో చూశాడు.

"అంతా బాగుంది అంటున్నావు."

"కాదు. తేడాగా ఉంది అంటున్నాను."

పడవ కింద నీళ్లు చప్పుడు చేస్తున్నాయి. ఆయన చేతిలోని కేకు ముక్కని ఫ్లాస్కు పక్కన పెట్టి, పెట్టిందా లేదా అని మళ్లీ ఓసారి తడిమి చూసుకున్నాడు.

"కళ్లకి పొర కమ్మింది తల్లీ. ముందు కుడిది పోయింది. ఎడమదాంతో నెట్టుకొచ్చాను. ఇప్పుడు దాంట్లోనూ పాలు పోసినట్టే ఉంది."

"మరి పడవ ఎలా నడుపుతున్నావు?"

"దాందేముంది. పగడపు దిబ్బల మధ్య దారి నా నడుముకి తెలుసు. అల ఎటు తగిలితే ఎటు తిప్పాలో చిన్నప్పట్నుంచీ తెలుసు. యాత్రికులకి ముసలాడు సముద్రం వైపు చూస్తున్నట్టే ఉంటుంది, ఫొటోలు కూడా తీసుకుంటారు."

ఇంకోరోజైతే నవ్వేదాన్నే. భుజంలో నొప్పి మెడకి పాకుతోంది. అడగాల్సింది ఒక్కటే ఉంది, దాని జవాబు నాకు అప్పటికే తెలుసు. అయినా ఆయన నోటితో వినాలనిపించింది. నేను రోజూ దిగి చావబోతున్నది ఆ నోటి మాట నమ్మే కదా.

"ఆ రోజు ఏం చూశావు బాబాయ్?"

"ఏమీ చూళ్లేదు."

"బుడగలు?"

"బుడగలకి చప్పుడుండదుగా విరా."

ప్రమాణం ఎందుకు చేశావని నేను అడగలేదు. ఆయనే చెప్పుకుపోయాడు. అన్సెల్మో దూకిన చప్పుడు విన్నాడట. తర్వాత ఎంతసేపైనా పైకి రాకపోతే పేరు పెట్టి పిలిచాడట, పడవని గుంట చుట్టూ తిప్పాడట. రేవుకి వచ్చేసరికి చెప్పులు మిగిలాయని అందరూ ఏడుస్తున్నారు. చెప్పులు మిగిలాక మనిషి గుంటలో కాక ఇంకెక్కడ ఉంటాడు? అధికారులు ఏం చూశావని అడిగారు. చూడలేదంటే ఎందుకు చూడలేదని అడుగుతారు, అది చెబితే పడవ లాగేసుకుంటారు. అందుకని అందరూ అనుకుంటున్నదే తను చూసినట్టు చెప్పాడట. అబద్ధం అనిపించలేదట అప్పుడు.

"ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను," అన్నాడు. "ఏదో ఒకరోజు నువ్వే విసిగి మానేస్తావనుకున్నాను. రేపు ఆ పొర కిందికి పోతానంటున్నావు. నా మాట పట్టుకుని పోతానంటున్నావు. ఆ మాటలో ఏమీ లేదు తల్లీ. ఖాళీ. పడవ పోతే పోనీ. మీ నాన్నకి నేను ఇంకో చావు కబురు మోసుకుపోలేను."

నాన్న పోయి చాలా ఏళ్లయింది. బాబాయ్ మాత్రం ఆదివారాలు సమాధి దగ్గర కూర్చుని ఆయనతో దీవి కబుర్లన్నీ చెబుతాడు.

కోపం రావాలి నాకు. వచ్చే ఓపిక లేదు. ఇన్ని వారాలు తప్పు చోట వెతికానన్నమాట. వాడు గుంటలోకి కాక అంచు దాటి బయటి దిబ్బ మీదికి పోయి ఉంటే, ప్రవాహం ఎప్పుడో ఎటో లాక్కుపోయి ఉంటుంది. ఇక దొరకడు. ఆ ఆలోచనతో ఏడుపు వచ్చింది. దాంతోపాటు, రేపు ఆ చీకట్లోకి దిగక్కర్లేదని ప్రాణం లేచి వచ్చింది. అలా అనిపించినందుకు సిగ్గేసింది కూడా.

ఇంకేమైనా విన్నావా అని అడిగాను. బాబాయ్ నొసలు ముడేసి ఆలోచించాడు. వాడు దూకిన కాసేపటికి తెరచాప రెపరెపలాడిన చప్పుడు వినిపించిందన్నాడు. దగ్గర్లోనే. సార్టెనేహా ఊరి జాలరులు శంఖాల కోసం తెరచాప పడవల్లో అటు తిరుగుతూనే ఉంటారు కదా అని పట్టించుకోలేదట. నేనూ అప్పుడు పట్టించుకోలేదు.

తిరుగు ప్రయాణంలో చుక్కాని నేను పట్టుకున్నాను. ఆయన అభ్యంతరం చెప్పలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ చేతుల్ని పని లేకుండా చూడటం అదే మొదటిసారి. నేను దిబ్బల మధ్య మలుపు తిప్పిన ప్రతిసారీ ఆయన నడుము నాకంటే ముందే అటు వాలుతోంది. దారి పొడవునా అన్సెల్మో గుర్తొస్తున్నాడు. పొద్దున్నే లేచి ఎటైనా నడిచి వెళ్లిపోవాలనిపిస్తుందక్కా, ఈ గుంట మొహం మళ్లీ చూడకూడదనిపిస్తుంది అనేవాడు. ఈ కాలితో ఎంత దూరం పోతావురా అని నేను ఏడిపించేదాన్ని. నిజానికి వాడు నాలుగడుగులు వేయాలన్నా ఆ పచ్చ చెప్పులే ఉండాలి. ఎడమ చెప్పు కింద, బయటి అంచుకి, టైరు ముక్క ఒకటి కోసి మేకులతో కొట్టుకున్నాడు. వాలిపోయే పాదాన్ని అదే నిలబెట్టేది. పట్టీ తెగితే గాలపు దారంతో కట్టుకున్నాడు గానీ ఆ జతని మాత్రం మార్చలేదు.

ఎండ వాలుతుండగా రేవు చేరాం. చేపలు కోసేవాళ్లు బల్లల దగ్గర ఉన్నారు, పెలికాన్ పక్షులు పేగుల కోసం కాచుకుని కూర్చున్నాయి. రేవు మొదట్లో జెనైదా పనాదెస్ అప్పాలు నూనెలో వేయిస్తోంది, నన్ను చూసి చూడనట్టు తల దించుకుంది. పెట్టెలో మూడు జతలే ఉన్నాయి. నావి, బాబాయ్‌వి, అన్సెల్మోవి.

బాబాయ్ ఎప్పటిలాగే వంగి కుడిమూల తడిమాడు. తన చెప్పులు ఆయన ఎప్పుడూ అక్కడే విడుస్తాడు. నేను పొద్దున తొందరలో నావి విసిరినప్పుడు పెట్టెలోని జతలు తారుమారయ్యాయన్న సంగతి నాకు గుర్తులేదు. ఆయన చేతికి దొరికిన జతని పైకి తీసి, అలవాటుగా బొటనవేలితో అడుగు రుద్ది చూశాడు.

"ఇవెవరివి? కొత్తవే."

తల తిప్పి చూశాను. ఆయన చేతిలో పచ్చ చెప్పులు. రక్తసంబంధం లేనివాడు వాటిని ఎత్తాడని తెలిస్తే ఆ ముసలాణ్ణి దీవిలో బతకనివ్వరు. చటుక్కున లాక్కున్నాను. అవి అన్సెల్మోవి బాబాయ్ అని గొణిగాను.

"వాడివెలా అవుతాయి?" అన్నాడు. "గీతలు కూడా అరగలేదు."

తిరగేసి చూశాను.

అడుగున గీతలన్నీ కొట్లో కొన్నప్పటిలాగే ఉన్నాయి. ఎడమదానికి టైరు ముక్క లేదు. మేకు గుర్తు కూడా లేదు. పైన మాత్రం అదే పచ్చ రంగు, ఎడమ పట్టీకి అదే చోట అదే గాలపు దారం కట్టు. గోటితో ఆ కట్టుని పక్కకి జరిపాను. కింద పట్టీ తెగలేదు. తెగని పట్టీకి ఎవరో ఓపిగ్గా కట్టు కట్టారు.

పెట్టె అంచు మీద కూర్చున్నాను. తను నడవగలిగిన చెప్పుల్ని వాడు వెంట తీసుకుపోయాడు. ఇవి మా కోసం కొన్నాడు. మిగిలిన చెప్పుల్ని ఈ దీవిలో ఎవరూ ముట్టుకోరని, పైనుంచి చూసి ఏడుస్తారే తప్ప తిరగేసి చూడరని వాడికి తెలుసు. ఆ తెరచాప ఎవరి కోసం వచ్చిందో ఇప్పుడు తెలిసింది. నా తమ్ముడు బతికే ఉన్నాడు. సంతోషం రావాలి కదా, నాకు ముందు కోపమే వచ్చింది. నేను ఆ నల్లనీళ్లలో వాడి పేరు పిలవడానికి గొట్టం తీయబోయినప్పుడు, వీడు ఎక్కడో గట్టి నేల మీద ఈ టైరు ముక్క మీద నిలబడి ఉన్నాడు.

అప్పుడు గమనించాను, కత్తుల చప్పుడు ఆగిపోయింది. చేపలు కోసేవాళ్లలో ఒకతను టోపీ తీశాడు. పక్కవాడు గుండె మీద శిలువ గుర్తు వేసుకున్నాడు. విరా ఎత్తింది, విరా ఎత్తింది అన్న మాట రేవు పొడవునా పాకిపోతోంది. కాదు అని చెప్పడానికి నోరు తెరిచాను. తోబుట్టువు చేతిలో చెప్పులున్నాయి. మా లెక్క ప్రకారం అన్సెల్మో ఈ క్షణమే పోయాడు.

జెనైదా పిండి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది. ఇన్ని వారాల తర్వాత నా మెడ చుట్టూ చేతులు వేసి, రేవంతా వినేలా బావురుమంది. చుట్టూ ఆడవాళ్లు చేరారు, ఎవరో ప్రార్థన మొదలుపెట్టారు. తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చాయి. ఈమెకి ఎలా చెప్పను, ఏ ముఖంతో చెప్పను అనుకుంటూ వీపు నిమిరాను.

ఏడుపు మధ్యలో ఆమె నోరు నా చెవికి ఆనింది. ఆ గొంతులో తడి లేదు.

"చెప్పుల్ని సరిగా పట్టుకో వదినా," అంది. "అడుగు కనబడుతోంది."